వేపమండ కట్టిన బిందె

మా బిందెను తన్నింది కుడికాలు. పసుపు రాసిన పాదం, వేలికి వెండి మట్టె, మడమ పక్కన సగం వెలిసిన గోరింటాకు. మనుషుల ముఖాలు నాకు తొందరగా గుర్తుండవు. ఆ పాదాన్ని మాత్రం బస్టాండు గుంపులో చూపించినా పట్టుకుంటాను.

పాల్వంచలో మాది కిరాయి ఇల్లు. ఒక ఇంటి గోడే పక్కింటికీ గోడ అయ్యే రేకుల ఇళ్ల వరస అది. పక్కింట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు వస్తాయి. వీధికి ఒక చివర వేపచెట్టు, దాని కింద ముత్యాలమ్మ రాయి. ఇంకో చివర, రోడ్డు మూల మీద, రెండంతస్తుల మేడ. ఆ మేడ యజమానురాలిని మేమందరం మూలింటామె అంటాం. ఎదురుపడితే మాత్రం ఆంటీ అంటాం. ఆమె భర్త కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పనులు చేయిస్తాడు, మా నాన్నలాంటి వాళ్లు ఆ పనులు చేస్తారు. చేయించడానికీ చేయడానికీ మధ్య దూరం ఎంతంటే మా వీధి పొడవంత.

వీధి నడుమ మునిసిపాలిటీ నల్లా ఉంది. రోజు విడిచి రోజు, పొద్దున మొదటి షిఫ్టు బస్సు మలుపు తిరిగిన కాసేపటికి అది గరగరమంటుంది. ముందు కాసిన్ని ఎర్రనీళ్లు కక్కి, తర్వాత తెల్లటి కిన్నెరసాని నీళ్లు వదులుతుంది. ఇక్కడి బోరు నీళ్లతో పప్పు ఉడకదు, చాయ్‌కి రుచి రాదు. అందుకే మేడ మీద ఎంత పెద్ద ట్యాంకు కట్టుకున్నా, వంట నీళ్లకూ తాగే నీళ్లకూ మూలింటామె మా నల్లా దగ్గరికి రాక తప్పదు. ఆమె మాతో కలిసి నిలబడాల్సిన చోటు లోకంలో అదొక్కటే. ఆమెకు అది నచ్చేది కాదు.

నిజానికి నల్లా దగ్గర మనుషులు నిలబడరు, బిందెలు నిలబడతాయి. నల్లా వచ్చిన రోజు సాయంత్రమే, తర్వాతి నల్లా కోసం ఎవరి బిందె వాళ్లు ఖాళీ చేసి తెచ్చి వరసలో పెట్టి వెళ్లిపోతారు. ఎవరిది ఏదో పిల్లలు కూడా చెప్పేస్తారు. అందరికంటే ముందుండేది పక్కింటక్క ఎర్ర బిందె. ఆమె భర్త ఆటో నడుపుతాడు, ఆటోకు అంటించగా మిగిలిన స్టిక్కరు ఒకటి బిందె మెడ మీద ఉంటుంది. ఆ ఎర్ర బిందె వెనక మాది, నీలం రంగుది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అదే మా జాగా. పొద్దున ఎవరైనా రాలేకపోతే, వాళ్ల ముందున్న బిందెవాళ్లు ఆ బిందెను కూడా నింపి పక్కన పెడతారు. షిఫ్టులు చేసే ఊళ్లో ఈ పద్ధతి లేకపోతే సగం ఇళ్లలో పొయ్యి వెలగదు. ఒకరి బిందెను వరసలోంచి ఇంకొకరు జరపడం మాత్రం ఉండదు.

ఒక్క వేపమండకే మినహాయింపు. ఎండాకాలంలో ముత్యాలమ్మను చల్లబరుస్తామని మొక్కుకున్నవాళ్లు బిందె మెడకు పసుపుదారం చుట్టి, వేపమండ కట్టి తెస్తారు. అది ఎప్పుడొచ్చినా అందరికంటే ముందు నిండాలి.

ఆ ఎండాకాలం మూలింటామె స్టీలు బిందెకు వేపమండ వచ్చింది. మొదట అందరం దండం పెట్టి జరిగాం. మళ్లీ నల్లా వచ్చిన రోజూ జరిగాం. ఆ తర్వాత నల్లా వచ్చిన ప్రతి పొద్దునా ఆ స్టీలు మెడలో పచ్చటి మండ ఊగుతూనే ఉంది. ఎండలు ముదిరేకొద్దీ ధార సన్నబడుతుంది. ముందున్న బిందెలకే నిండుగా నీళ్లు, చివరి బిందెలకు సగమే.

"ఏం మొక్కో ఏమో, మన ముత్యాలమ్మకు సర్ది పట్టేటట్టుంది," అనేది పక్కింటక్క, ఆమె వెళ్లిపోయాక.

పక్కింటక్క పుట్టింటికి పోయిన వారం అది. వరసలో మా బిందె ముందుకొచ్చింది. అమ్మ నల్లా కింద బిందె పెట్టింది, నేను చెంబులతో పక్కన నిలబడ్డాను. మూలింటామె వచ్చింది.

"జరుపు."

"ఒక్క నిమిషం అమ్మా, ఎర్రనీళ్లు పోతున్నయ్. పోంగనే మీదే ముందు పెడతా," అని అమ్మ వంగబోయింది.

కాలు లేచింది. బిందె దొర్లుకుంటూ పోయి మురుగు మోరీ గట్టు రాయికి కొట్టుకుంది.

"చేత్తో జరపరాదా అమ్మా?" అంది అమ్మ. ఆ గొంతులో కోపం లేదు. నాకు ఇప్పటికీ మంట అక్కడే.

"చేత్తో ముడితే మళ్లా తలస్నానం చెయ్యాలె నేను. ఇప్పపువ్వు నానబెట్టే బిందె అది! అడివిలకెళ్లి వచ్చి ఇన్నేండ్లయినా ఆ వాసన పోలే మీకు." తర్వాత వీధి మొత్తానికి వినపడేలా అంది, "ఇగో, అందరికీ చెప్తున్నా. నా బిందె మీద ఎవ్వరూ చెయ్యెయ్యొద్దు. నేనుండనీ, లేకపోనీ, ముట్టొద్దు."

మాది ములకలపల్లి అవతల అడవి అంచున ఉన్న పల్లె. అమ్మ ఫోనులో పిన్నితో కోయలోనే మాట్లాడుతుంది. ప్రతి ఎండాకాలం పిన్ని ఎండిన ఇప్పపువ్వు మూట పంపుతుంది. అమ్మ దాన్ని ఉడకబెట్టి, వేయించిన నువ్వులు కలిపి దంచి ఉండలు చేస్తుంది. ఆ ఉండలు వీధిలో పిల్లలందరూ తిన్నారు, మూలింటామె చిన్నకొడుకుతో సహా. బిందెలో మేం ఎప్పుడూ ఇప్పపువ్వు నానబెట్టలేదు. నానబెట్టినా అది నేరం కాదు.

బిందెకు పక్కన చీలిక పడింది. నాన్న ఇనుప ఊచ కాల్చి ఆ చీలికను కరిగించి అతికాడు. నీలం మీద నల్లగా, జెర్రిలాంటి మచ్చ మిగిలింది. నీళ్లు కారలేదు. ఆ సాయంత్రం అమ్మ బిందెను తీసుకుపోయి, ఎవరూ చెప్పకుండానే, వరసలో అందరికంటే చివర పెట్టింది. పక్కింటక్క పుట్టింటి నుంచి తిరిగొచ్చాక కూడా ఆమె ఎర్ర బిందె వెనక జాగా ఖాళీగానే ఉండేది. అమ్మ అటు పోయేది కాదు.

తన్నిన కాలుకంటే నన్ను ఎక్కువ కాల్చింది ఆ ఖాళీ జాగా. అమ్మ బిందె తిరిగి అక్కడ నిలబడాలి. ఆ కాలి మనిషే దాన్ని అక్కడ నిలబెట్టాలి. అంతకు తక్కువ దేనికీ ఒప్పుకోనని ఆ సాయంత్రమే అనుకున్నాను.

నేను పదో తరగతితో బడి మానేశాను, చదువు మానలేదు. బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో పని. మధ్యాహ్నం షాపు షట్టరు సగం దించి యజమాని భోజనానికి పోగానే నేను శాఖా గ్రంథాలయానికి పోతాను. అక్కడ ఒక ఫ్యాను, ఒక పొడుగు బల్ల, పేపర్ల మీద తలవాల్చి నిద్రపోయే రిటైరైన పెద్దమనుషులు ఉంటారు. గోడ పక్కన బీరువాలు. ఆ బీరువాల్లో నేను చెయ్యి పెట్టని అర లేదు. చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, పైగా గర్వం. వీధిలో నన్ను లైబ్రరీ పిల్ల అంటారు. వెక్కిరింపుగా మొదలుపెట్టారు, నేను బిరుదుగా పుచ్చుకున్నాను.

పగ ఎట్లా తీర్చుకోవాలో ముందు చరిత్ర పుస్తకాల్లో వెతికాను. రాజులు కోటలు ముట్టడించారు, విందుకు పిలిచి విషం పెట్టారు, శత్రువు కిరీటాన్ని పీటగా వేసుకున్నారు. నాకు సైన్యం లేదు. మూలింటామె మా ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టదు, విందుకేం వస్తుంది? చరిత్రను మూసేసి పక్క బీరువాకు పోయాను. అక్కడ అట్ట ఊడిపోయిన పాత పుస్తకం ఒకటి దొరికింది. పల్లె దేవతల గురించి, వాళ్లకు చేసే కొలుపుల గురించి ఎవరో ఊరూరూ తిరిగి రాసినది. చెదలు తిన్న పేజీలు ఒడిలోకి రాలుతుంటే చదివాను. చల్లబరిచే బిందె గురించి అందులో ఒక పేరా ఉంది. మండ కట్టిన బిందెను దారిలో దించకూడదు. గడప దాటించకూడదు. చివరి చుక్క దాకా అమ్మవారి మీదనే పోయాలి. మొదలుపెట్టిన మొక్కును వానలు పడేదాకా ఆపకూడదు.

గ్రంథాలయం పుస్తకంలో గీత గీయడం నా దృష్టిలో పాపం. అందుకే ఆ పేరాను నోటికి నేర్చుకున్నాను.

మూలింటామె రోజూ ఆ నీళ్లను ఎక్కడికి తీసుకుపోతోందో నేను చూస్తూనే ఉన్నాను. బిందె చంకనెత్తుకుని తిన్నగా మేడ గేటులోకి పోతుంది. గేటు దాటగానే మండ తెంపి తులసికోట పక్కన పారేస్తుంది. నల్లా రోజు సాయంత్రం అక్కడ కొత్తగా వాడిన వేపాకు కనిపించేది.

పుస్తకంలో ఉందని నేను చెబితే వీధిలో ఎవరూ లెక్కచేయరు. వేపచెట్టు పక్కన గుడిసెలో అవ్వ ఉంటుంది. ముత్యాలమ్మకు దీపం పెట్టేది ఆమే. చూపు మందగించినా ఆమె మాటంటే అందరికీ భయం.

"అవ్వా, మండ కట్టిన బిందె నీళ్లు ఇంట్లకు తీస్కపోవచ్చా?"

"ఎవరు తీస్కపోతరే? అవి అమ్మ నీళ్లు. గడప దాటితే ఆ ఇంటికే మంచిది గాదు."

"మరి మూలింటామె తీస్కపోతున్నది గదా."

అవ్వ నోట్లో ఆకు నమలడం ఆగింది. "పోస్తలేదా? జల్దీ వచ్చి పోసిపోతున్నదేమో, నా కండ్లకు ఆనుతలేదేమో అనుకున్న బిడ్డా."

"ముట్టి చూడు."

అవ్వ తడుముకుంటూ పోయి రాయి మీద అరచెయ్యి పెట్టింది. తీసి చూసుకుంది. తడి లేదు, పసుపూ లేదు. ప్లాంటు నుంచి వచ్చి వాలే బూడిద, మా చీరల మీదా రేకుల మీదా వాలే అదే బూడిద, ఆమె అరచేతి నిండా అంటింది. అవ్వ ఆ చేతిని చాలాసేపు కొంగుకు తుడవలేదు.

"రేపు నల్లా వస్తదా?"

"వస్తది."

"వచ్చినప్పుడు నన్ను పిలువు."

పొద్దున స్టీలు బిందె నిండింది. మూలింటామె దాన్ని చంకనెత్తుకుని తిరిగేసరికి అవ్వ దారిలో నిలబడి ఉంది. చేతిలో పళ్లెం, పళ్లెంలో పసుపూ కుంకుమా.

"అటు గాదు బిడ్డా, ఇటు. అమ్మ ఇటుంది."

"ఏంది అవ్వా? ఇంట్ల పూజ చేసుకొని తర్వాత తెస్త."

"మండ కట్టినంక గడప దాటొద్దు. మేడ కట్టినోళ్లకు గీమాత్రం తెల్వదా?"

"పుస్తకంలో కూడా అట్లనే ఉంది ఆంటీ," అన్నాను. "మధ్యలో కింద దించొద్దంట కూడా."

"నువ్వు నోర్ముయ్! లైబ్రరీల ఫ్రీగ చదివి నాకు చెప్తవా?"

"ఫ్రీగ చదివినా అక్షరాలు అవే ఆంటీ."

పక్కింటక్క కొంగు నడుముకు చెక్కింది. "అయ్యో, అక్క ఒక్కతే మోస్తదా అంత బరువు మొక్కు? పదుండ్రి, అందరం సాగనంపుదం," అని గొంతెత్తి అమ్మవారి పాట అందుకుంది. ఆడవాళ్లందరూ వెనక నడిచారు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఒక్క అగౌరవపు మాట అనలేదు. అంత భక్తిగా మా వీధి నడవడం నేను అంతకుముందు చూడలేదు. మూలింటామె మధ్యలో, నిండు బిందెతో, మెడనరాలు బిగుసుకుని నడిచింది. నేను ఆమె కుడి పాదాన్ని చూస్తూ నడిచాను.

నీళ్లన్నీ రాయి మీద పోసింది. బూడిద కరిగి కిందికి జారింది, అడుగున నల్లటి రాయి తళతళమని బయటపడింది. అవ్వ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. నేను మాత్రం ఖాళీ బిందెకు మొక్కాను. ఆ పూట మేడలో బోరు నీళ్ల చాయ్ తాగి ఉంటారు. ఆ సంగతి తలుచుకుంటూ నేను షాపులో ఒకే కాగితాన్ని రెండుసార్లు జిరాక్స్ తీశాను.

మళ్లీ నల్లా వచ్చిన రోజు ఆమె మండ లేకుండా వచ్చింది. అవ్వ చెట్టు కిందే కూర్చుని ఉంది. "వానలు పడేదాకా ఆపొద్దు బిడ్డా, ఆపితే అమ్మకు కోపం," అంది. ఆ సంగతి అవ్వకు గుర్తుచేసింది నేనే. ఆ రోజు నుంచి ముందు బిందె అమ్మవారికి. వంటకోసం మూలింటామె ఇంకో స్టీలు బిందె తెచ్చి వరసలో పెట్టాల్సి వచ్చింది. అన్ని జాగాలూ ముందే నిండి ఉండేవి కాబట్టి అది చివరికి చేరింది. ఎర్ర బిందె వెనక ఖాళీ ఉందిగా అని ఒక సాయంత్రం అక్కడ పెట్టబోతే పక్కింటక్క తలెత్తకుండానే అంది, "అక్కా, అక్కడ మనుషులున్నరు." అట్లా ఆమె వంట బిందె మా అమ్మ బిందె వెనకే నిలబడింది.

"సాలు బిడ్డా," అంది అమ్మ ఒకరోజు. "ఆమె మొహం చూడలేకపోతున్న."

"నీ బిందెను నీ జాగాల పెట్టుకో, అప్పుడు ఆపుతా."

"కాలితో తన్నించుకున్న జాగా అది. మళ్లా అక్కడ పెట్టబుద్ధి కాదు నాకు."

అమ్మ అన్న ఆ మాటతో నా పగ సగంలోనే ఉందని తెలిసింది. మూలింటామెకు నీళ్లు పోయాయి, మా అమ్మకు జాగా రాలేదు.

ఆ ఎండాకాలం చివర్లో మేడలో మనవడిని తొట్లెలో వేసే పండగ పెట్టుకున్నారు. పొద్దుటి నుంచే గేటు ముందు కార్లు. మూలింటామె పట్టుచీరలో వచ్చి, అమ్మవారి బిందె పోసి, వంట బిందె వరస చివర ఉందో లేదో చూసుకుని, చుట్టాలు పిలుస్తుంటే పరుగున వెళ్లిపోయింది. అమ్మ ప్లాంటు క్వార్టర్లలో వంట పనికి పోయింది. నల్లా దగ్గర నేనే ఉన్నాను. వరస కరిగిపోయింది. మా బిందె నింపి పక్కన పెట్టాను. మిగిలింది ఒక్క స్టీలు బిందె.

ముందు బిందెవాళ్లు నింపాలి. ముందు బిందె మాది.

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ధార సన్నగా పడుతోంది. పక్కింటక్క నా వైపు చూసింది, బిందె వైపు చూసింది, ఇంట్లోంచి బకెట్ తెచ్చి ధార కింద పెట్టింది. అది నిండాక ఇంకొకామె గంజు పెట్టింది. స్టీలు బిందె పక్కనే, ఎండలో మెరుస్తూ, అట్లాగే ఉంది. నల్లా ఒకసారి దగ్గి ఆగిపోయింది.

మూలింటామె వచ్చేసరికి చివరి బొట్టు కూడా పడటం మానేసింది. బిందెలోకి తొంగి చూసింది.

"ఏంది ఇది? నింపలేదా? ఎవరు ముందు?"

"మేమే ఆంటీ."

"మరి నింపవా? ఇంటి నిండ చుట్టాలున్నరు, చంటిపిల్లగానికి నీళ్లు కాచాలె..."

"మీ బిందె మీద ఎవ్వరూ చెయ్యెయ్యొద్దని మీరే అన్నరు. మీరుండనీ, లేకపోనీ అని కూడా అన్నరు. మాకు గుర్తుంది."

ఆమె చుట్టూ చూసింది. ఒక్కరూ కాదనలేదు. పక్కింటక్క బకెట్ ఎత్తుకుంటూ, "అవ్ అక్కా, నేను గూడ విన్న," అంది.

నేను కోరుకున్న ఘడియ అదే. ఇంకాసేపు ఉంటే బాగుండేది. అంతలో అమ్మ పని నుంచి తిరిగొచ్చింది. ఖాళీ బిందెను చూసింది, నా ముఖం చూసింది, అడగకుండానే అంతా తెలుసుకుంది. మా నీలం బిందెను ఎత్తి మూలింటామె ముందు పెట్టింది.

"తీస్కపో అమ్మా. పిల్లగానికి కాయుండ్రి."

నాకు అమ్మ మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. అప్పుడే మూలింటామె ముఖం చూశాను. ఆమె మా బిందెను చూస్తోంది. నీలం మీద నల్లటి మచ్చ సరిగ్గా ఆమె వైపే తిరిగి ఉంది. మేడ మీద నుంచి ఎవరో "నీళ్లొచ్చినయా?" అని కేకేశారు. అమ్మ పెద్ద మనసుతో ఇచ్చింది. నేను మాత్రం, తీసుకో, చేత్తో తీసుకో అని లోపల పళ్లు నూరుతూ నిలబడ్డాను.

స్టీలు బిందెలోకి వంచమని అమ్మను అడిగితే సరిపోయేది. ఆ తొందరలో ఆమెకు అది తోచలేదు, నేను గుర్తుచేయలేదు. ఆమె వంగింది. మెడ కింద ఒక చెయ్యి, అడుగున ఒక చెయ్యి వేసి ఎత్తుకుంది. మచ్చ ఆమె పట్టుచీరకు ఆనింది. ఆ పూట ఆ మేడలో చుట్టాలందరికీ పప్పు మా బిందె నీళ్లతోనే ఉడికింది. తలస్నానం మళ్లీ చేసిందో లేదో నాకు తెలియదు. చేసినా, కడుపులోకి పోయింది మా బిందె నీళ్లే.

సాయంత్రం బిందెలు పెట్టే వేళకు ఆమె మా బిందెను తిరిగి తెచ్చింది. మా ఇంటి ముందు నిలబడి, అమ్మ వైపు చూడకుండా, "ఇగో," అంది. అమ్మ అందుకోబోతుంటే పక్కింటక్క వరసలోంచి కేకేసింది.

"అక్కా, ఇంటికెందుకు? చేతుల ఉన్నది గదా, వరసల పెట్టి పోరాదుండ్రి."

మూలింటామె రెండడుగులు వేసి వరస చివర దించబోయింది.

"అక్కడ గాదు," అంది పక్కింటక్క. "నా ఎర్ర బిందె వెనక. దాని జాగా అది."

వీధిలో అందరూ తమ తమ బిందెల దగ్గర ఆగిపోయి చూస్తున్నారు. అవ్వ కూడా చెట్టు కింద నుంచి ఇటే ముఖం తిప్పింది. మూలింటామె వరస పొడవునా నడిచి, ఎర్ర బిందె వెనక వంగి, రెండు చేతులతో మా బిందెను కింద పెట్టింది. అది కాస్త ఒరిగింది. మళ్లీ వంగి సరిచేసింది.

ఆమె గేటు వేసుకున్నాక నేను అమ్మ కోసం చూశాను. అమ్మ వరస దగ్గరికి వచ్చింది. వంగి బిందె మూతి మీద వాలిన బూడిదను కొంగుతో తుడిచింది. దాన్ని చివరకు జరపలేదు.